సొంత రాష్ట్రం కుర్రాళ్లు, కోచ్ కుర్చీ: రిక్రూటింగ్ రికార్డును లెక్కగట్టే పద్ధతి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో హైస్కూల్ ఆటగాళ్లను ఒప్పించి జట్టులోకి తెచ్చుకోవడాన్ని రిక్రూటింగ్ అంటారు. అక్కడ ఒక కోచ్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడాడంటే, ఐదో మ్యాచ్‌కి ముందే ఒక మాట మొదలవుతుంది: "మన రాష్ట్రం పిల్లలే ఈయన దగ్గరికి రావడం లేదు." ఇంట గెలిచి రచ్చ గెలవమంటాం కదా, అక్కడి అభిమానుల గొడవా అదే. ఆ మాట కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు ఓటమి కోపంలో చేతికి దొరికిన సాకు. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్, ఓపిగ్గా కూర్చునే ఒక ఆదివారం కావాలి. కోచ్ ఉద్యోగం ఎంత గట్టిగా ఉందో చెప్పే లెక్క దీనికి అనుబంధమే కానీ, రెండూ ఒకటి కావు. ఆ తేడా పట్టుకోలేకే ఎక్కువమంది అంచనాలు బోల్తా కొడతాయి.

ఉదాహరణలన్నీ ఇండియానా రాష్ట్రం నుంచే తీసుకుంటున్నాం. హైస్కూల్ బాస్కెట్‌బాల్‌ని అంత పట్టించుకునే రాష్ట్రం మరొకటి చూపించడం కష్టం. బ్లూమింగ్టన్‌లో ఇండియానా యూనివర్సిటీ, వెస్ట్ లాఫయెట్‌లో పర్డ్యూ, సౌత్ బెండ్‌లో నోటర్‌డామ్, ఇండియానాపొలిస్‌లో బట్లర్, ఇవన్నీ అవే పిల్లల కోసం పోటీ పడతాయి. కార్మెల్, ఫిషర్స్, వెస్ట్‌ఫీల్డ్ వైపు కాపురముంటున్న తెలుగువాళ్లకు కింద వచ్చే స్కూళ్ల పేర్లు కొన్ని ఇంట్లో వినబడేవే.

అవార్డుల జాబితా దగ్గర ఆగిపోవద్దు

చాలామంది మొదట చేసే పని, రాష్ట్రంలో ఆ ఏటి మేటి ఆటగాడు ఎక్కడ చేరాడో చూడటం. ఇండియానాలో ఆ గుర్తింపు పేరు 'మిస్టర్ బాస్కెట్‌బాల్'. 1939 నుంచి ఇస్తున్నారు. ఈ జాబితా ఒక్కటే పట్టుకుంటే ఏమవుతుందో చూడండి.

2012లో గ్యారీ హ్యారిస్ మిషిగన్ స్టేట్‌కి వెళ్లాడు. 2013లో జాక్ ఇర్విన్ మిషిగన్‌కి, 2014లో ట్రే లైల్స్ కెంటకీకి, 2015లో కేలెబ్ స్వానిగన్ పర్డ్యూకి, 2016లో కైల్ గై వర్జీనియాకి, 2017లో క్రిస్ విల్క్స్ యూసీఎల్‌ఏకి. ఆరేళ్లు, ఆరుగురు, ఇండియానా యూనివర్సిటీకి ఒక్కడూ రాలేదు. కానీ అదే కాలంలో కోచ్ టామ్ క్రీన్ 2013లోనూ 2016లోనూ బిగ్ టెన్ (ఇండియానా, పర్డ్యూ ఆడే లీగ్) టైటిల్‌ని ఎవరితోనూ పంచుకోకుండా గెలిచాడు. 2017 మార్చిలో, జట్టుకి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో (కాలేజీల జాతీయ ఛాంపియన్‌షిప్) చోటు దక్కని ఏడాది, ఆయన ఉద్యోగం పోయింది.

తర్వాత వచ్చిన ఆర్చీ మిల్లర్ సొంత రాష్ట్రం నుంచే జట్టు కడతానన్నాడు, కట్టాడు కూడా. 2018లో రోమియో లాంగ్‌ఫర్డ్, 2019లో ట్రేస్ జాక్సన్-డేవిస్, 2020లో ఆంథనీ లీల్, వరసగా ముగ్గురు మిస్టర్ బాస్కెట్‌బాల్‌లూ ఆయన దగ్గరికే వచ్చారు. 2021 మార్చి 15న ఆయన్ని తీసేశారు. నాలుగు సీజన్లలో 67 గెలుపులు, 58 ఓటములు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొహం ఒక్కసారీ చూడలేదు. న్యాయంగా చెప్పాలంటే 2020 టోర్నమెంట్ కోవిడ్ వల్ల అసలు జరగనే లేదు, ఆ ఏడాది జట్టు 20-12తో ఉంది.

అంటే అవార్డుల లెక్క ప్రకారం క్రీన్ విఫలం, మిల్లర్ సఫలం. బోర్డు మీద స్కోరు దీనికి తలకిందులు. కాబట్టి ఈ జాబితాను మీ షీట్‌లో ఒక కాలమ్‌గా పెట్టుకోండి, అంతే.

'మన కుర్రాడు' ఎవరో ముందే రాసి పెట్టుకోండి

పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాక నిర్వచనం మార్చితే షీట్ మొత్తం చెడుతుంది. మనకు నచ్చిన కోచ్ అయితే సరిహద్దు కేసులన్నీ లోపలికి వస్తాయి, నచ్చనివాడైతే బయటికి పోతాయి. తెలియకుండానే జరిగిపోయే పొరపాటు ఇది.

మేము వాడే నియమం: హైస్కూల్ నాలుగేళ్లలో కనీసం రెండేళ్లు రాష్ట్రంలోని మామూలు స్కూల్‌కి ఆడి ఉంటే మన కుర్రాడే. పుట్టిన ఊరుతో పని లేదు. చివరి ఏడాది ఎక్కడ చదివాడన్నదీ ముఖ్యం కాదు. ఇలా ఎందుకంటే, మనం కొలుస్తున్నది కోచ్‌కి స్థానిక హైస్కూల్ కోచ్‌లతో, ఆ ఊళ్లతో ఉన్న సంబంధాలు ఫలించాయా లేదా అన్నది. బర్త్ సర్టిఫికెట్‌కి అది తెలియదు.

చిక్కంతా ప్రెప్ స్కూళ్లతో, అంటే పిల్లల్ని కాలేజీకి సిద్ధం చేసే ప్రైవేటు స్కూళ్లతో వస్తుంది. లా పోర్ట్‌లోని లా లుమియేర్ స్కూల్ ఇండియానాలోనే ఉంది, కానీ దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్లు వస్తారు. మిల్వాకీ కుర్రాడు జోర్డన్ పూల్ అక్కడ చదివి మిషిగన్‌కి వెళ్లాడు. అతన్ని ఇండియానా కోచ్ 'పోగొట్టుకున్న' ఖాతాలో రాయడం అన్యాయం. అదే స్కూల్ నుంచి కెంటకీకి వెళ్లిన కియాన్ బ్రూక్స్ జూనియర్ ఫోర్ట్ వేన్ పిల్లాడు. మిషిగన్ స్టేట్‌కి వెళ్లిన జారెన్ జాక్సన్ జూనియర్ ఇండియానాపొలిస్‌లో పార్క్ ట్యూడర్‌కి ఆడి, ఆ తర్వాతే అక్కడికి వెళ్లాడు. వీళ్లిద్దరూ లెక్కలోకి వస్తారు. దీనికి ఎదురు కేసు ఫ్లోరీ బిడుంగా: కాంగో నుంచి వచ్చాడు, కోకోమో హైస్కూల్‌కి ఆడాడు, 2024 మిస్టర్ బాస్కెట్‌బాల్ అయ్యాడు, కాన్సస్‌లో చేరాడు. మా నియమం ప్రకారం అతను ఇండియానా కుర్రాడే.

అందుకే ఒక కాలమ్ కాదు, మూడు పెట్టండి: పెరిగిన ఊరు, 9-10 తరగతుల స్కూల్, చివరి స్కూల్.

ఇంకో మెలిక, ఏడాది ముందుకు జరిగే ఆటగాళ్లు. ఎవాన్స్‌విల్ రైట్జ్ స్కూల్ కుర్రాడు క్రిస్టియన్ లాండర్ నిజానికి 2021 బ్యాచ్. ఒక ఏడాది ముందే చదువు ముగించుకుని 2020లో చేరాడు. పాత జాబితాల్లో 2021లోనూ, కొత్తవాటిలో 2020లోనూ కనిపిస్తాడు. రెండు జాబితాలు కలిపి అతికిస్తే ఒకే మనిషి రెండు వరసల్లో దిగుతాడు. పేరు ప్రకారం సార్ట్ చేసి ఒకసారి కంటితో చూసుకోండి.

ఏడాదికి పది పేర్లు

ఒక్కో బ్యాచ్‌కి రాష్ట్రంలో మొదటి పది మంది, నాలుగు బ్యాచ్‌లు, మొత్తం 40 వరసలు. ఇంతకన్నా తక్కువైతే ఒక్క ఆటగాడి నిర్ణయం శాతాన్ని ఎటో లాగేస్తుంది. ఎక్కువైతే ఆ స్థాయి కోచ్‌కి అసలు అవసరం లేని పిల్లలు వచ్చి చేరతారు.

ర్యాంకులకు 247స్పోర్ట్స్ కాంపోజిట్ లాంటి కలిపిన జాబితా మంచిది, ఒక్క సైట్ అభిప్రాయం మీద ఆధారపడనక్కర్లేదు. అయితే ఏ తేదీ ర్యాంకు తీసుకుంటున్నారన్నది ముఖ్యం. చివరి సంవత్సరం మొదట్లో, అంటే సెప్టెంబర్ ప్రాంతంలో ఉన్న ర్యాంకు తీసుకోండి. పెద్ద యూనివర్సిటీకి మాటిచ్చాక ర్యాంకు పైకి పాకడం మామూలే. చివరి ర్యాంకుతో లెక్కేస్తే పెద్ద పేరున్న కోచ్‌లకు ఉచితంగా మార్కులు పడతాయి.

ప్రతి బ్యాచ్‌కీ అడుగున రెండు ఖాళీ వరసలు వదలండి. అవి అప్పట్లో జాబితాలో లేకుండా, తర్వాత ఆడి చూపించినవాళ్లకి. వెస్ట్‌ఫీల్డ్ కుర్రాడు బ్రేడెన్ స్మిత్ దేశవ్యాప్త మొదటి వందలో లేడు. పర్డ్యూ తీసుకుంది. 2022లో మిస్టర్ బాస్కెట్‌బాల్ అయ్యాడు, 2025లో బిగ్ టెన్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. ర్యాంకుల షీట్‌లో ఇలాంటివాడికి చోటు లేకపోతే కోచ్‌కున్న అసలు పనితనం, పిల్లాణ్ణి చూసి పసిగట్టే కన్ను, ఎక్కడా నమోదు కాదు.

ఆఫర్ ఇవ్వడం వేరు, వెంటపడటం వేరు

ఒక్కో యూనివర్సిటీ ఒక్కో బ్యాచ్‌లో డజన్ల కొద్దీ స్కాలర్‌షిప్ ఆఫర్లు ఇస్తుంది. అందులో చాలావాటికి 'ఇవాళే వస్తాను' అని పిల్లాడంటే అవతల ఫోన్‌లో నిశ్శబ్దమే. అందుకని ఆఫర్‌ని ఆధారంగా తీసుకోవద్దు. ఐదు మెట్లు పెట్టుకోండి: ఆఫర్ లేదు అంటే 0, పేరుకి ఆఫర్ అంటే 1, హెడ్ కోచ్ స్వయంగా అతని మ్యాచ్‌లకు వచ్చి కూర్చున్నాడంటే 2, అఫీషియల్ విజిట్ (యూనివర్సిటీ ఖర్చుతో క్యాంపస్ చూడటానికి రావడం) జరిగిందంటే 3, చేరాడంటే 4. అసిస్టెంట్ కోచ్ రావడానికీ హెడ్ కోచ్ రావడానికీ తేడా చాలా ఉంది. స్థానిక విలేకరులు ఏ కోచ్ ఏ జిమ్‌లో కనిపించాడో రాస్తారు, ఆ వార్తలే మీ ఆధారం. రెండో ఏడాది హైస్కూల్ ముగిసే జూన్ 15 నుంచి కోచ్‌లు నేరుగా ఫోన్ చేయొచ్చు. ఆ తేదీ తర్వాత మొదటి వారం ఎవరెవరు ఫోన్ చేశారన్నది పిల్లలే బయటపెడతారు.

ఇప్పుడు రెండు నిష్పత్తులు వస్తాయి. ఒకటి, చేరిన హైస్కూల్ ఆటగాళ్లలో రాష్ట్రం వాళ్ల వాటా. రెండు, 3వ మెట్టు దాకా తెచ్చినవాళ్లలో నిజంగా చేరినవాళ్లెందరు. జనం మొదటిదాన్ని చూసి రెండోదాని గురించి మాట్లాడేస్తుంటారు.

మిల్లర్ 2018, 2019, 2020 బ్యాచ్‌లలో 11 మంది హైస్కూల్ ఆటగాళ్లను స్కాలర్‌షిప్ మీద తీసుకున్నాడు. లాంగ్‌ఫర్డ్, రాబ్ ఫినిసీ, డమేజీ ఆండర్సన్, జాక్సన్-డేవిస్, అర్మాన్ ఫ్రాంక్లిన్, లాండర్, లీల్, ట్రే గ్యాలవే: 8 మంది ఇండియానా వాళ్లే. అంటే 73 శాతం. అద్భుతమైన వాటా. కానీ ఈ అంకె, చేజారినవాళ్ల గురించి నోరు విప్పదు. లీల్ మిస్టర్ బాస్కెట్‌బాల్ అయిన 2020 బ్యాచ్‌లోనే సౌత్ బెండ్ కుర్రాడు జేడెన్ ఐవీ పర్డ్యూకి వెళ్లాడు. రెండేళ్లకే 2022 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 5వ స్థానంలో ఎంపికయ్యాడు. మరుసటి బ్యాచ్‌లో కేలెబ్ ఫర్స్ట్, ట్రే కాఫ్‌మన్-రెన్ ఇద్దరూ పర్డ్యూ దారే పట్టారు.

చేజారిన ప్రతివాడి పక్కనా మెట్టు సంఖ్య చూడండి. 3 దాకా వచ్చి పోయాడంటే ఒప్పించడంలో లోపం. 0 లేదా 1 దగ్గరే ఉన్నాడంటే ఆటను అంచనా వేయడంలో లోపం. మొదటిదాన్ని ఒక మంచి అసిస్టెంట్‌ని పెట్టుకుని సరిచేసుకోవచ్చు. రెండోది హెడ్ కోచ్ కంటికి సంబంధించింది, అంత తేలిగ్గా మారదు.

ఎక్కడికి పోయారన్నదీ రాయండి. న్యూ ఆల్బనీ నుంచి ఒహాయో నది దాటితే లూయీవిల్. గ్యారీ, ఈస్ట్ షికాగో వైపు వాళ్లకు షికాగో గాలి తగులుతుంది. ఆ అంచుల్లో ఒకణ్ణి పోగొట్టుకోవడం, ఇండియానాపొలిస్ నడిబొడ్డున పోగొట్టుకోవడం ఒకటి కాదు. కాన్సస్‌కో యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ)కో పోతే అభిమాని రెండు రోజులు తిట్టుకుని మర్చిపోతాడు. పక్క ఊరి ప్రత్యర్థికి పోతే ఏడాదికి రెండుసార్లు అతన్ని ఎదురుగా చూడాలి. మా షీట్‌లో ప్రత్యర్థికి పోయినవాణ్ణి రెండుగా లెక్కిస్తాం. రాష్ట్రంలో పర్డ్యూ స్థాయి ఇంకో జట్టు ఉన్నప్పుడు, గట్టిగా వెంటపడ్డ ముగ్గురిలో ఒకరు దక్కితే మామూలు. వరసగా మూడు బ్యాచ్‌లు నలుగురిలో ఒకరు కూడా దక్కకపోతే అప్పుడు దాన్ని సమస్య అనండి.

మాటివ్వడం, సంతకం పెట్టడం కూడా వేర్వేరు గడులు. ట్రే లైల్స్ మొదట ఇండియానాకే మాటిచ్చి, వెనక్కి తీసుకుని, కెంటకీ చేరాడు. సంతకం పెట్టేవరకూ 4వ మెట్టు రాయొద్దు. ఇదివరకు పిల్లాడు యూనివర్సిటీకి కట్టుబడుతూ సంతకం పెట్టే పత్రం, నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఇప్పుడు పిల్లాడు సంతకం పెట్టేది యూనివర్సిటీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందం మీద.

వచ్చాక ఏమయ్యారు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. సాధారణంగా ఎవరూ పెట్టనిదీ ఇక్కడే. ప్రతి ఆటగాడికీ ఏడాదివారీగా ఆడిన నిమిషాలు, ఎన్నేళ్లు ఉన్నాడు, ఎలా వెళ్లాడు, ఈ మూడూ రాయండి. పై ఎనిమిది మందిని ఇలా పరిచి చూస్తే కథ మారిపోతుంది.

లాంగ్‌ఫర్డ్ 2018 ఏప్రిల్ చివర సొంత హైస్కూల్ జిమ్‌లో, వేలమంది ముందు ఇండియానా పేరు ప్రకటించాడు. ఒకే సీజన్ ఆడాడు, మ్యాచ్‌కి 16.5 పాయింట్లు, అదీ బొటనవేలి గాయంతో. జట్టు 19-16తో ముగించింది. అతను డ్రాఫ్ట్‌లో 14వ స్థానంలో బోస్టన్‌కి వెళ్లిపోయాడు. ఆండర్సన్ రెండేళ్లకే మారాడు. ఫ్రాంక్లిన్ రెండేళ్లుండి, 2021లో కోచ్ పోగానే వర్జీనియాకి. లాండర్ 2022లో వెస్టర్న్ కెంటకీకి. ఫినిసీ నాలుగేళ్లుండి, చివరి ఏడాదికి సిన్సినాటికి. లీల్, గ్యాలవే ఇద్దరూ ఐదేళ్లు అక్కడే ఉన్నారు. జాక్సన్-డేవిస్ నాలుగేళ్లున్నాడు. కానీ జట్టు 2022, 2023ల్లో ఎన్‌సీఏఏకి వెళ్లినప్పుడు పక్కన నిలబడ్డ కోచ్ మైక్ వుడ్సన్. అంటే మిల్లర్ తెచ్చినవాళ్లలో బాగా పనికొచ్చిన ఏళ్లు చాలావరకు తర్వాతి మనిషి ఖాతాలో పడ్డాయి.

ఇంకో సంగతీ షీట్‌లోనే కనిపిస్తుంది: ఎనిమిది మందిలో ఆరుగురు గార్డులు, అంటే బంతి నడిపిస్తూ బయటినుంచి ఆడేవాళ్లు. అంతమంది ఉన్నా దూరం నుంచి షూటింగ్ బలహీనత నాలుగేళ్లూ తీరలేదు. రాష్ట్రంలో దొరికిన మంచివాళ్లను తీసుకున్నారు, జట్టుకి అవసరమైనవాళ్లు వచ్చారా అని చూసుకోలేదు. అందుకే 'పొజిషన్' కాలమ్ తప్పనిసరి. రాష్ట్రం ఆ ఏడు గార్డులనే పండిస్తే, పొడగరి కోసం సరిహద్దు దాటక తప్పదు.

పర్డ్యూ షీట్ పక్కన పెట్టుకుని చూడండి. 2024 ఎన్‌సీఏఏ ఫైనల్‌లో యూకాన్ చేతిలో 75-60తో ఓడిన జట్టు మొదటి ఐదుగురిలో ముగ్గురు, స్మిత్, ఫ్లెచర్ లోయర్, కాఫ్‌మన్-రెన్, ఇండియానా స్కూళ్లవాళ్లు. నడుమ నిలిచిన జాక్ ఈడీది టొరాంటో. లాన్స్ జోన్స్ సదరన్ ఇల్లినాయ్ నుంచి ట్రాన్స్‌ఫర్. రాష్ట్రం వాటా 60 శాతమే, మిల్లర్ 73 కన్నా తక్కువ. తేడా నిలబడటంలో ఉంది: కాఫ్‌మన్-రెన్ మొదటి ఏడాది ఆడకుండా రెడ్‌షర్ట్‌గా కూర్చున్నాడు, అయినా వదిలి పోలేదు. కోచ్ మాట్ పెయింటర్ పిల్లాడి ఇంట్లో కూర్చుని చెప్పిన మాట, మూడేళ్ల తర్వాత కూడా చెల్లుబాటైంది.

సంతకం పెట్టినంత మాత్రాన ఉంటాడన్న హామీ పాతరోజుల్లోనూ లేదు. 1974లో ఫ్రెంచ్ లిక్ కుర్రాడు లారీ బర్డ్ బ్లూమింగ్టన్ వచ్చి సీజన్ మొదలవకముందే వెళ్లిపోయాడు, తర్వాత ఇండియానా స్టేట్ అనే వేరే యూనివర్సిటీ జట్టుని 1979 ఫైనల్‌కి తీసుకెళ్లాడు. అప్పటి ఇండియానా కోచ్ బాబ్ నైట్ కుర్చీ కదల్లేదు. 1976లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయినవాడి రిక్రూటింగ్‌ని ఎవడు ప్రశ్నిస్తాడు?

పోర్టల్ వచ్చాక లెక్క ఎలా మారింది

పోర్టల్ అంటే యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. 2021 తర్వాతి బ్యాచ్‌లకు పై షీట్ సగమే పనిచేస్తుంది. ఆ ఏడాది నుంచి ఒకసారి మారితే ఏడాది కూర్చోవాల్సిన పని పోయింది, జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవడమూ మొదలైంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా డబ్బిస్తున్నాయి. మొదటి ఏడాది అన్ని ఆటలకూ కలిపి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో 13 స్కాలర్‌షిప్‌ల నియమం పోయి, 15 మంది రోస్టర్ (జట్టు జాబితా) పరిమితి వచ్చింది.

కాబట్టి 'తిరిగొచ్చినవాడు' అని ఒక కొత్త కాలమ్ కావాలి. ఫోర్ట్ వేన్ కుర్రాడు ల్యూక్ గుడ్ ఇల్లినాయ్‌లో ఆడి 2024లో ఇండియానా చేరాడు. సౌత్‌పోర్ట్ స్కూల్ కుర్రాడు జోయ్ బ్రంక్ బట్లర్ నుంచి 2019లో వచ్చాడు. వీళ్లు హైస్కూల్ వాటాలో కనిపించరు, కానీ రాష్ట్రంలో సంబంధాలు తెగకుండా ఉంచుకున్న ఫలితమే. 17 ఏళ్లప్పుడు కాదన్న పిల్లాడితో మర్యాదగా ఉన్న కోచ్‌కి, 20 ఏళ్లప్పుడు ఆ పిల్లాడు ఫోన్ చేస్తాడు. అలాంటివాడికి మేము అర మార్కు వేస్తాం.

ఇప్పుడు కుర్చీ సంగతి

షీట్‌ని పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు ఈ వరసలోనే అడగండి. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్తున్నాడా? సొంత రాష్ట్రం ప్రత్యర్థిని గెలుస్తున్నాడా? తీసేస్తే ఎంత కట్టాలి? ఇప్పుడున్న అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతి) ఆయన్ని తెచ్చినవాడేనా? సొంత రాష్ట్రం రిక్రూటింగ్ ఈ నాలుగింటి తర్వాతే వస్తుంది. రెండో మూడో ఏట అది ఒక ఏడాది గడువు కొనిపెట్టగలదు. నాలుగో ఏట కొనిపెట్టలేదు, పైగా ఎదురు తిరుగుతుంది: "ఇంత సరుకు పెట్టుకుని ఇదా ఆట?"

మిల్లర్ పర్డ్యూతో ఏడుసార్లు ఆడాడు, ఏడుసార్లూ ఓడాడు. ఆయన్ని 2017లో తెచ్చింది ఫ్రెడ్ గ్లాస్. 2020 జూలైలో ఆ పదవిలోకి స్కాట్ డాల్సన్ వచ్చాడు. పాత డైరెక్టర్‌కి ఆ ఎంపిక తనది, వెనకేసుకొస్తాడు. కొత్తవాడికి ఆ మొహమాటం లేదు. 2021 టోర్నమెంట్ మొత్తం ఇండియానా రాష్ట్రంలోనే జరిగింది, ఆతిథ్యమిచ్చే రాష్ట్రపు పెద్ద జట్టు మాత్రం అందులో లేదు. జట్ల ప్రకటన ఆదివారం, తొలగింపు సోమవారం.

పెయింటర్ దీనికి ఎదురు. 2013, 2014 రెండేళ్లు టోర్నమెంట్‌కి వెళ్లలేదు, 2014లో బిగ్ టెన్‌లో అట్టడుగున నిలిచాడు. అయినా ఉన్నాడు. ఆయన ఆ యూనివర్సిటీ పాత ఆటగాడు, 2010లో టైటిల్ పంచుకున్న చరిత్ర ఉంది. ఆ జట్టుని మోసిన రాబీ హమ్మెల్, ఇటువాన్ మూర్, జాజువాన్ జాన్సన్ ముగ్గురూ రాష్ట్రం పిల్లలే. ఇక్కడ రిక్రూటింగ్ రికార్డు ఆయన్ని కాపాడిందనే అనొచ్చు, ఎందుకంటే అది అప్పటికే గెలుపులుగా మారి ఉంది. 2015లో స్వానిగన్ రావడంతో గొడవ సద్దుమణిగింది.

కాంట్రాక్ట్ కాగితంలో ఏ పేజీ చదవాలి

ఇండియానా, పర్డ్యూ ప్రభుత్వ యూనివర్సిటీలు కనుక, రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద అడిగితే కోచ్ కాంట్రాక్ట్ ఇస్తారు. స్థానిక పత్రికలు చాలావరకు ముందే సంపాదించి పెడతాయి. నోటర్‌డామ్, బట్లర్ ప్రైవేటువి, అలా ఇవ్వాల్సిన పని లేదు.

జీతం పేజీ వదిలేయండి. 'కారణం లేకుండా తొలగిస్తే' అన్న క్లాజ్ వెతకండి. బైఅవుట్ (అలా తీసేస్తే కోచ్‌కి కట్టాల్సిన మొత్తం) ఎంత, ఏ తేదీన ఎంతకి తగ్గుతుంది, కోచ్‌కి ఇంకో ఉద్యోగం దొరికితే ఆ జీతం ఇందులోంచి మినహాయిస్తారా, ఒకేసారి కట్టాలా నెలనెలానా, ఈ నాలుగూ రాసుకోండి. మొత్తం బైఅవుట్ పేపర్లో వచ్చినంత భయంకరంగా ఉండకపోవచ్చు, మినహాయింపు క్లాజ్ ఉంటే నిజంగా కట్టేది బాగా తగ్గుతుంది. ఇది చదవకుండా "అంత డబ్బు కట్టి తీసేయరులే" అనుకోవడం అందరూ చేసే తప్పు. మిల్లర్ ఏడేళ్ల కాంట్రాక్ట్‌లో మూడేళ్లు మిగిలి ఉన్నాయి, బైఅవుట్ కోటి డాలర్లు దాటింది. దాతల డబ్బుతో కట్టారు. దాతలకు విసుగొస్తే అంకె అడ్డు కాదు.

మిగిలిన ఏళ్లు కూడా రిక్రూటింగ్‌తో నేరుగా ముడిపడి ఉంటాయి. నాలుగేళ్లు చదవబోయే పిల్లాడి తల్లిదండ్రులు, కోచ్‌కి రెండేళ్లే మిగిలాయని అవతలి కోచ్ చెవిలో వేస్తే ఆలోచనలో పడతారు. అందుకే బాగా ఆడుతున్న కోచ్‌లకు ఏటేటా ఒక ఏడాది పొడిగిస్తూ పోతారు. వేసవిలో ఆ పొడిగింపు రాలేదంటే, శీతాకాలంలో వచ్చే పుకార్లకన్నా అది గట్టి సూచన. "సీజన్ ముగిశాక అన్నీ సమీక్షిస్తాం" అని డైరెక్టర్ ఫిబ్రవరిలో అన్నాడంటే అది రెండోది. "మా కోచ్ మీద పూర్తి నమ్మకం ఉంది" అనే ప్రకటనకు మాత్రం ఏ మార్కూ వేయొద్దు.

కోచ్ మారినప్పుడు షీట్‌ని ఎలా విడగొట్టాలి

పాత కోచ్‌కి సంతకం పెట్టినవాణ్ణి కొత్త కోచ్ ఖాతాలో వేసేస్తే మొదటి ఏడాది లెక్క అంతా అబద్ధమవుతుంది. 2025 ఫిబ్రవరిలో వుడ్సన్ తప్పుకుంటున్నట్టు తేలింది, మార్చిలో డారియన్ డెవ్రీస్ వచ్చాడు, రోస్టర్ దాదాపు మొత్తం పోర్టల్ నుంచి కొత్తగా కట్టాడు. ఆ ఏటి హైస్కూల్ కుర్రాడు ట్రెంట్ సిస్లీది దక్షిణ ఇండియానాలోని సాంటా క్లాజ్ అనే ఊరు (నిజంగానే ఊరి పేరు అది). చివరి ఏడాది ఫ్లోరిడాలోని మాంట్‌వెర్డ్ అకాడమీలో ఆడాడు. ఒప్పించింది వుడ్సన్, కోచ్ మారాక జారిపోకుండా నిలుపుకున్నది డెవ్రీస్. ఇలాంటి వరసలో చెరి సగం రాయండి. నిమిషాల కాలమ్ మాత్రం పూర్తిగా కొత్త కోచ్‌దే. కొత్త కోచ్ సొంత హైస్కూల్ రికార్డుని రెండో బ్యాచ్ నుంచే మొదలుపెట్టండి, నాలుగు బ్యాచ్‌లు నిండేదాకా శాతాలు వేయకుండా పేర్లు మాత్రమే ఉంచండి.